ఆ ఆకు ఎవరి కోసం

అక్టోబరు వచ్చిందంటే డబ్లిన్ శివారు లూకన్‌లో మా ఇళ్ళ ఎస్టేట్ నిండా హాలోవీన్ మంత్రగత్తెలు వేలాడతారు. తలుపులకి, కిటికీలకి, గేటు పక్క మొక్కలకి. వంకర ముక్కు, నల్ల టోపీ, చేతిలో చీపురు. పిల్లల సరదా కదా, నేనేమీ అనను. కానీ కిందటేడు పాల కోసం సూపర్‌మార్కెట్‌కి వెళ్ళి, అక్కడ తగిలించిన ఒక రబ్బరు ముసుగు ముందు ఆగిపోయాను. నోరంతా తెరిచి నవ్వుతున్న ముసలామె. ముందు పళ్ళు నాలుగూ లేవు. ఆ ఖాళీలో ఎర్ర రంగు పూశారు. పాలు తీసుకోకుండానే బయటికి వచ్చేశాను.

మా అమ్మమ్మకి కూడా ముందు పళ్ళు నాలుగు లేవు. మెట్ల మీద జారిపడిందని మా ఇంట్లో చెప్పేవారు. పెళ్ళయ్యాక నా భర్తకి నేనూ అదే చెప్పాను. నిజం వేరు. మెదక్ వైపు మా ఊళ్ళో ఆమె పసరు మందు ఇచ్చేది. కామెర్లకి, సర్పికి, పాలు పడని బాలింతలకి. ఒక ఏడు ఊళ్ళో ఇద్దరు పసిపిల్లలు వరసగా పోయారు. బాణామతి చేసిందన్నారు. పళ్ళు ఉంటేనే మంత్రం సరిగ్గా పలుకుతుందట, పళ్ళు పీకేస్తే మంత్రం పారదట. పట్టకారు తెచ్చారు. ఆమె చేతులు పట్టుకున్నవాళ్ళలో ఆమె మందు తాగి బతికి బట్టకట్టినవాళ్ళు ఉన్నారు. నాకప్పుడు ఏడేళ్ళు. నన్ను గదిలో వేసి గొళ్ళెం పెట్టారు కాబట్టి నేను చూడలేదు. వినడం మాత్రం విన్నాను.

ఆర్నెల్లు తిరక్కుండానే ఆ చేతులు పట్టుకున్నవాళ్ళలో ఒకడు కళ్ళు పచ్చబడి మా అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు. అమ్మమ్మ లేచి వెళ్ళి ఆకు తెచ్చి నూరి పోసింది.

"వానికెందుకిచ్చినవ్?" అని ఏడ్చాను.

"ఇయ్యకుంటే సస్తడు గదనే" అంది, మాట తొస్సిపోతూ.

ఆ రోజు ఆమె చేతి ముద్ద నేను తినలేదు. వాడి మీద అసహ్యం, వాడికి మందిచ్చిన ఆమె మీద ఇంకా అసహ్యం. ఏడేళ్ళ దానికి అంతకంటే ఏం తెలుస్తుంది.

ఈ ఖండంలో కూడా ఒకప్పుడు ఆకులు తెలిసిన ఆడవాళ్ళని పట్టుకుని మంత్రగత్తెలని కాల్చేవారని, ఉరి తీసేవారని ఇక్కడికి వచ్చాక చదివాను. ఐర్లండులో తక్కువేనట, చుట్టుపక్కల దేశాల్లో ఎక్కువట. చదువుతున్నప్పుడు, పోనీలే, ఆ కాలం అయిపోయింది అనుకున్నాను. నేను మందుల ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేస్తాను. డబ్బా మీద రాసింది మాత్రలో ఉందా లేదా అని చూడటమే నా ఉద్యోగం. శనివారాలు కలిసే మా తెలుగు క్రైస్తవుల ప్రార్థన కూటంలో ఉన్నవాళ్ళు సగం మంది ఇంజనీర్లు, మిగతా సగం నర్సులు. బాణామతి మా అమ్మమ్మ ఊళ్ళోనే, ఆ పట్టకారుతోనే ఆగిపోయిందని నా ధీమా.

ఆంటీ మా ఇంటికి మూడో ఇంట్లో ఉండేది. కరీంనగర్ మనిషి. భర్త పోయాక యాభై దాటిన వయసులో కేరర్ ఉద్యోగం సంపాదించుకుని ఒంటరిగా ఇక్కడికి వచ్చింది. నర్సింగ్ హోమ్‌లో ముసలివాళ్ళకి స్నానాలు చేయించడం, అన్నం తినిపించడం ఆమె పని. ఆ ఇల్లు మా కూటంలోనే ఉన్న ఒక చిన్న వయసు జంటది. అతను మెడికల్ డివైస్ ప్లాంటులో ఇంజనీరు, ఆ అమ్మాయి నర్సు. మేడ మీద బాక్స్ రూమ్ ఆంటీకి ఇచ్చారు. మంచం వేస్తే తలుపు పూర్తిగా తెరుచుకోదు. డబ్లిన్‌లో ఇల్లు వెతికినవాళ్ళకి తెలుసు, ఆ గది ఎంత పెద్ద వరమో. నర్సింగ్ హోమ్‌కి ఒకే బస్సు, ఇంటి ముందే స్టాపు. లీజు గీజు ఏమీ లేదు, మాట మీద నడిచింది.

కిందటేడు అదే అక్టోబరులో నాకు సర్పి లేచింది. కుడి పక్క డొక్కల మీదుగా వీపు దాకా పట్టీ కట్టినట్టు నీటి పొక్కులు. చొక్కా తగిలితే నిప్పు పెట్టినట్టు ఉండేది. జీపీ డాక్టరు దగ్గరికి వెళ్ళి మాత్రలు తెచ్చుకుని వేసుకుంటూనే ఉన్నాను. గురువారం సాయంత్రం బస్‌స్టాపులో నేను ఒక పక్కకి ఒరిగి నిలబడటం చూసి ఆంటీ దగ్గరికి వచ్చింది.

"సర్పి లేసిందా బిడ్డా?"

"మీకెట్ల తెలిసింది ఆంటీ?"

"నిలవడ్డ తీరే జెప్తది. మూడు పొద్దులు ఆకు వెడ్త. మాత్తర్లు గూడ ఏస్కో, బంద్ జెయ్యకు."

ఆకు ఏదని అడిగాను. గడ్డిలో నేలకి అంటుకుని మొలిచే ఆకు, మధ్యలో నిలువు ఈనెలు ఉంటాయి. చివరింటి ఐరిష్ ముసలావిడ చిన్నప్పుడు వాళ్ళ నానమ్మ ఇదే పెట్టేదని గోడ మీంచి చూపించిందట. తాను వాసన చూసి, నమిలి చూసి, ముందు తన మోచేతి మీద రాసుకుని చూశానంది. మా ల్యాబులో కూడా కొత్త సరుకు వస్తే దాదాపు అదే చేస్తాం.

ఆంటీకి కొన్ని పద్ధతులున్నాయి. పొద్దు పొడవక ముందే తలస్నానం చేసి, జుట్టు విరబోసుకునే తెంపాలి. తెంపేటప్పుడు ఎవరితోనూ మాట్లాడకూడదు. చెట్టుని మాత్రం అడగాలి, దాని మొదట్లో నాలుగు పసుపు బియ్యం గింజలు పెట్టి, అమ్మా నీ ఆకు తీసుకుంటున్నాను, ఒకరి మంట చల్లార్చు అని. ఇంకో పద్ధతి కూడా ఉంది. మందు ఎవరికిచ్చిందీ ఇంకొకరికి చెప్పకూడదు. మా అమ్మమ్మకీ ఇవే పద్ధతులు.

శుక్రవారం పొద్దున మా ఇంట్లో ఎవరూ లేనప్పుడు వచ్చి ముద్ద నూరి డొక్కల మీద పట్టించి వెళ్ళింది. చల్లగా ఉంది. ఇంట్లో చెప్పలేదు. ల్యాబులో పనిచేసేదానివి, ఆకులూ అలములూ పూసుకుంటావా అని నా భర్త నవ్వుతాడు. ప్రార్థన కూటంలో తెలిస్తే విశ్వాసం లేదంటారు. కక్కొచ్చినా కళ్యాణమొచ్చినా ఆగదంటారు, నా నోరు మాత్రం ఇలాంటివాటికి భలే ఆగుతుంది.

ఆ శుక్రవారం మధ్యాహ్నమే ఆ నర్సు అమ్మాయికి కడుపు పోయింది. మూడో నెల. శనివారం పొద్దున ఆంటీ రెండో మందు పెట్టడానికి వచ్చినప్పుడు ఆమె కళ్ళు వాచి ఉన్నాయి. "పిల్ల ఏం తింటలేదు, జావ గాసిచ్చి వచ్చిన" అంది. ఆ సాయంత్రం ప్రార్థన వాళ్ళింట్లోనే పెట్టారు. ఓదార్పు కోసమని వెళ్ళాం, నేనూ నా భర్తా.

మా కూటానికి ఒక పెద్దాయన ఉన్నాడు. గుంటూరు వైపు మనిషి. వారమంతా ఒక ఫ్యాక్టరీలో క్వాలిటీ మేనేజరు, శనివారం మాకు పాస్టరు. లోపలికి వెళ్ళేసరికి ఆయన టీవీ పక్కన నిలబడి ఉన్నాడు. ఆ ఇంటి భర్త ఫోనులోంచి వీడియో టీవీ మీదికి పెట్టాడు. తలుపు దగ్గరి కెమెరా తీసినది. మసక వెలుతురు. తడి జుట్టు విరబోసుకుని ఆంటీ గోడ వారగా వంగి ఉంది. పెదాలు కదులుతున్నాయి. గోడ మొదట్లో ఏదో పసుపు పచ్చనిది పెట్టింది. ఆకు తెంపి కొంగులో వేసుకుంది. నాలుగుసార్లు తిప్పి తిప్పి వేశారు. ఆంటీ వంటగది గుమ్మం దగ్గర నిలబడి ఉంది, చేతిలో కప్పులు తుడిచే గుడ్డతో. ఆ టీ ఆమే పెట్టింది మాకు.

"చూడండి. శుక్రవారం పొద్దున్న ఏడు నలభై. అదే రోజు రెండింటికి బ్లీడింగ్. మధ్యలో ఇంట్లో ఇంకేదీ మారలేదు. మరి రూట్ కాజ్ ఏంటంటారు?" అన్నాడు పెద్దాయన.

తలలు ఊగాయి. రోజూ మిషన్లు ఎందుకు ఆగాయో విచారణ చేసి రిపోర్టులు రాసే తలలు. కాకి వాలినప్పుడే తాటిపండు రాలితే కాకే రాల్చిందనే రిపోర్టు నా టేబుల్ మీదికి వస్తే ఎర్ర పెన్నుతో కొట్టి వెనక్కి పంపుతాను. మేడ మీద మంచంలో ఉన్న అమ్మాయికి కూడా తెలుసు. మూడో నెలలో కడుపులు ఊరికే పోతాయని వార్డులో ఎంతమందికి చెప్పి ఉంటుందో. ఆ గదిలో తెలియనివాళ్ళు లేరు. అదే నాకు ఇప్పటికీ రోత. మా ఊళ్ళో పట్టకారు పట్టినవాడు బడి మొహం చూడలేదు, వీళ్ళకేమయింది?

"ఆ పసుపు ఏందమ్మా?" పెద్దాయన అడిగాడు.

"బియ్యం సార్. చెట్టు నడిగి తీస్కోవాలె, ఊకె తెంపొద్దు."

"చెట్టునా? దేవుణ్ణి కాదా? సరే, ఎవరి కోసం తెంపారు?"

ఆంటీ గుడ్డని మడతపెట్టింది.

"చెప్పేయండి ఆంటీ, అయిపోద్ది. మా వైఫ్ కోసం కాదంటే ఇంకెవరి కోసం?" అన్నాడు ఆ ఇంటి భర్త. బిడ్డ పోయినవాడు, అతని మీద నాకు కోపం సగమే.

"ఎవ్వరి కోసమో చెప్పద్దు బాబూ. పద్దతి గాదు."

అప్పుడు పెద్దాయన మా వైపు తిరిగాడు. "ఇక్కడ ఎవరైనా ఈమె దగ్గర మందు తీసుకున్నారా? చెయ్యెత్తండి, తప్పేం లేదు."

పద్నాలుగు మందిమి ఉన్నాం. ఒక్క చెయ్యీ లేవలేదు. కార్డిగన్ కింద నా డొక్కల మీద పొద్దుటి ముద్ద ఎండి చర్మాన్ని లాగుతోంది. నాకే దాని పచ్చి వాసన తెలుస్తోంది. కుక్కిన పేనులా కూర్చున్నాను. ఆయన అంతటితో వదల్లేదు, వరసగా ఒక్కొక్కరినీ అడగడం మొదలుపెట్టాడు. తన భార్య దగ్గర మొదలుపెట్టి, ఆమె తల అడ్డంగా ఊపాక, సోఫా చివర ఉన్న నా దగ్గరికి వచ్చాడు.

"మీరు సిస్టర్?"

"లేదండి" అన్నాను.

ఆంటీ నా వైపు చూడలేదు. కార్పెట్ వైపు చూస్తూ ఉంది. చూసి ఉంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను.

మోకాళ్ళ మీద కూర్చుని ఒప్పుకొమ్మన్నారు. "ఏం జేసిన్నని? నేను గూడ మొక్కేది ఆ దేవునికే" అంది. పోలీసుల దాకా వెళ్ళే విషయం కాదు, మనలో మనమే తేల్చుకుందాం అన్నాడు పెద్దాయన, ఎంతో దయ చూపిస్తున్నట్టు. ఆ సాయంత్రమే ఖాళీ చేయమన్నారు. రెండు సూట్‌కేసులు, ఆకులు నూరే ఒక చిన్న రాతి కల్వం. ఆ కల్వాన్ని ఆ ఇంటి భర్త చేత్తో ముట్టుకోలేదు. కుక్క పెంట ఎత్తే నల్ల సంచీ చేతికి తొడుక్కుని దానితో పట్టుకుని తెచ్చి గేటు బయట పెట్టాడు. పక్క ఊరు మెయ్‌నూత్‌లో ఉండే తోటి కేరర్ ఒకామె కారులో వచ్చి తీసుకెళ్ళింది.

మా ఇంట్లో ఒక గది ఖాళీ. ఆఫీసు రూమ్ అంటాం గానీ అందులో ఇస్త్రీ బల్ల, మడత మంచం తప్ప ఏమీ లేవు. ఇంటికి నడిచి వచ్చిన ఆ మూడు గుమ్మాల దూరంలో "పాపం" అన్నాడు నా భర్త. "అవును, పాపం" అన్నాను నేను. అన్నం వండుకుని తిన్నాం.

ఆదివారం పొద్దున చెత్త పెట్టడానికి తలుపు తీస్తే బ్రౌన్ బిన్ మూత మీద అల్యూమినియం కాగితం పొట్లం ఉంది. లోపల మూడో పొద్దు ముద్ద, ఇంకా తడిగానే ఉంది. ఒక చీటీ. 'వీపు దిక్కు అందకపోతే దువ్వెనతోటి రాయి'. మెయ్‌నూత్ నుంచి మొదటి బస్సుకి వచ్చి, అదే గోడ వారగా, అదే కెమెరా ముందు తెంపి, మళ్ళీ బస్సెక్కి వెళ్ళిపోయి ఉండాలి. సిగ్గున్నదాన్నయితే ఆ పొట్లాన్ని బిన్నులో పారేయాలి. నేను బాత్‌రూమ్‌లోకి వెళ్ళి గడియ పెట్టుకుని, దువ్వెనతో రాసుకున్నాను.

సర్పి తగ్గింది. మాత్రలకి తగ్గిందో ఆకుకి తగ్గిందో చెప్పలేను, రెండూ వాడాను కదా. చివరింటి ముసలావిడ ఆంటీ ఏదని అడిగితే, వేరే చోట గది దొరికిందన్నాను. "ఓ, గ్రాండ్" అంది, మంచిదేలే అన్నట్టు. తనకి తెలిసిన ఒకాయన కాలిన గాయాలకి మందు ఇస్తాడట, ఊరు ఊరంతా పగలే కార్లేసుకుని వెళ్తారట ఆయన దగ్గరికి. నవ్వి లోపలికి వచ్చేశాను.

ఆ వీడియో ఆగలేదు. మా కూటం వాట్సాప్ గ్రూపులోంచి, పక్కనే ఉన్న క్లోనీ తెలుగువాళ్ళ గ్రూపుకి వెళ్ళి, అక్కడ భయపెట్టే సంగీతం తగిలించుకుని మళ్ళీ మాకే వచ్చింది. కింద చర్చ. ఇలాంటి మనిషి ముసలివాళ్ళకి అన్నం తినిపిస్తోంది, నర్సింగ్ హోమ్‌కి మెయిల్ పెట్టాలని ఒకరు. డ్రాఫ్ట్ నేను రాస్తానని ఇంకొకరు. ఆమె వీసా ఆ ఉద్యోగం మీదే, అది పోతే ఈ దేశంలో ఉండలేదని అందరికీ తెలుసు. భోజనాల విరామంలో ల్యాబు క్యాంటీన్‌లో కూర్చుని అది చదివాను. గది పోయింది, ఇప్పుడు బతుకు. ఇక్కడ పట్టకారు అక్కర్లేదు, ఒక మెయిల్ చాలు. చేతిలో శాండ్‌విచ్ కింద పెట్టేసి టైపు చేశాను.

'ఆ ఆకు నా కోసం తెంపింది. నాకు సర్పి. శనివారం నేను అబద్ధం చెప్పాను. మా అమ్మమ్మని కూడా ఇలాగే బాణామతి అని పళ్ళు పీకారు.'

అప్పటికి పది రోజులైంది. సాయంత్రానికి అందరూ చూసినట్టు గీతలు నీలంగా మారాయి. చివరికి పెద్దాయన వచ్చే శనివారం ప్రార్థన ఎవరింట్లోనో రాశాడు, దాని కింద అందరూ ఆమెన్ పెట్టారు. మెయిల్ మాట మళ్ళీ రాలేదు. నా భర్త ఫోను పట్టుకుని వంటింట్లోకి వచ్చి, "మెట్ల మీద జారిపడిందన్నావు కదా" అన్నాడు.

గ్రూపు బయట మాత్రం నా ఫోను మోగుతూనే ఉంది. ఒకామె, మా వాడి దగ్గుకి ఆంటీయే కషాయం ఇచ్చింది అక్కా, ఎవరికీ చెప్పొద్దు. ఇంకొకామె, నాకు పాలు పడనప్పుడు ఇచ్చింది, మా ఆయనకి తెలీదు. మేడ మీద పడుకున్న ఆ అమ్మాయి కూడా రాసింది. 'అల్లం పెట్టిచ్చిన ఆంటీ వల్లే నేను ఆ రెండు నెలలూ ఏదైనా తినగలిగాను. కడుపు పోయింది ఆ ఆకువల్ల కాదని నాకు తెలుసక్కా. ఆరోజు కిందికి దిగి రాలేకపోయాను.' అన్నిటికంటే చివర వచ్చింది పెద్దాయన భార్య దగ్గర్నుంచి. 'మోకాళ్ళకి ఆంటీ నూనె వాడేదాన్ని. అయిపోయింది. ఆమె కొత్త నంబరు ఉంటే పంపు. మీ అన్నయ్యకి తెలియనివ్వకు.'

పద్నాలుగు మందిలో ఎంతమంది ఒంటి మీద ఆమె మందు ఆ సాయంత్రం ఉందో లెక్కపెట్టుకున్నాను. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళ గురించి విన్నాను. వీళ్ళు తగలేసి, మళ్ళీ అదే తెప్ప ఎక్కడుందని చీకట్లో వెతుక్కునే రకం. వీళ్ళు అంటున్నాను గానీ, దువ్వెన నా బాత్‌రూమ్‌లోనే ఉంది.

ఆ ఆదివారం మెయ్‌నూత్ వెళ్ళాను. యూనివర్సిటీ వెనక వీధిలో ఇల్లు. ఒక గదిలో మూడు మంచాలు, ఇద్దరు చదువుకునే అమ్మాయిలు, ఆంటీ. కల్వం కిటికీ గట్టు మీద ఉంది. డ్యూటీకి ఇప్పుడు రెండు బస్సులు మారుతోంది. నన్ను చూసి టీ పెట్టింది.

"మంట తగ్గిందా?"

"తగ్గింది ఆంటీ. మా ఇంట్ల ఒక రూమ్ ఖాళీ ఉన్నది. మీరు అచ్చి ఉండుండ్రి."

ఆమె టీ వడగట్టడం ఆపలేదు. "ఆ రూము ఆనాడు లేకుండెనా?"

ఫోను తీసి గ్రూపులో నేను రాసింది చూపించాను. కళ్ళద్దాలు పెట్టుకుని వేలు పెట్టి మెల్లగా చదివింది. పైకి జరిపి తారీఖు కూడా చూసింది.

"పది దినాలు వట్టిందా బిడ్డా" అంది. తిట్టలేదు. తిడితే బాగుండు. పెద్దాయన భార్య పంపింది కూడా చూపించాను. మా అమ్మమ్మలా, ఇయ్యకుంటే ఎట్ల అంటుందని అనుకున్నాను. ఆ మాట కోసమే వెళ్ళానేమో కూడా. అది అనేస్తే నేనూ తేలిగ్గా ఇంటికి వచ్చేసేదాన్ని.

"అందరి ముందల అడుగుమను" అంది ఆంటీ. "గ్రూపుల అడుగుమను. నా మోకాళ్ళకు ఆమె నూనె గావాలె అని. అట్ల అడిగితే ఇస్త. లేకుంటే ఇయ్య."

"ఎవ్వరికిచ్చింది చెప్పద్దనేది మీ పద్దతి గద ఆంటీ?"

"ఆ పద్దతి ఇడిసిపెట్టిన. మస్తు మందిని దాసిన, నన్నెవరు దాసిండ్రు?" టీ కప్పు నా చేతిలో పెట్టింది. "నీకు గూడ గంతే. రూము ఇస్తనంటే సంతోషం. గని ఈడ, ఈ మూల, ఎవ్వరు లేనప్పుడు గాదు. శనివారం నాడు, ఆ సోపల కూసున్నోళ్ళందరు ఉన్నప్పుడు, నన్ను మీ ఇంటికి తీస్కవోత అను. నేనొస్త."

పెద్దాయన భార్యకి ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసి పంపాను. చదివినట్టు గీతలు పడ్డాయి, జవాబు రాలేదు. ఇప్పుడు మళ్ళీ అక్టోబరు. తలుపులకి మళ్ళీ మంత్రగత్తెలు వేలాడుతున్నారు. మొన్న శనివారం ప్రార్థన అయ్యాక ఆమె మెట్లకి అడ్డంగా తిరిగి, రెయిలింగు రెండు చేతులా పట్టుకుని, ఒక్కో మెట్టూ దిగింది. నన్ను చూసి మొహం తిప్పుకుంది. గ్రూపులో ఆమె ఇంకా అడగలేదు.

ఈ ఏడాదిలో యాభై శనివారాలు పైగా వచ్చాయి. ప్రతిసారీ ఎవరో ఒకరింటి సోఫాలో వాళ్ళ మధ్యే కూర్చున్నాను. మా ఆఫీసు రూమ్‌లో ఇస్త్రీ బల్ల తీసేసి, మడత మంచం వేసి, దుప్పటి కూడా పరిచి ఉంచాను. నేనూ ఆ మాట ఇంకా అనలేదు.